రెండోసారి వచ్చే పాటలు

పెద్దకోడలికి గొంతు పోయిందన్న కబురు చిన్నకోడలికి ఫోనులో, వేడి దుప్పట్ల మధ్య అందింది.

ఆసుపత్రి లాండ్రీలో ఆమె పని ఇస్త్రీ రోలర్ దగ్గర. యంత్రం అటు వైపు తడి దుప్పటిని మింగి, ఇటు వైపు వేడివేడిగా బయటికి వదులుతుంది. ఇటు వైపున్న ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడతపెట్టాలి. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా అదే. ఇంటికి వెళ్ళేసరికి మోకాళ్ళు తనవి కావనిపిస్తాయి ఆమెకు.

ఆమెకు యాభై రెండేళ్ళు. అత్తగారు పోయి పదేళ్ళయింది. రేపో మాపో తనకే అల్లుడు రాబోతున్నాడు. అయినా ఇంటా బయటా ఆమె చిన్నకోడలే. ఆ ఇంటికి తర్వాత ఇంకో కోడలు రాలేదు కాబట్టి ఆ పేరు దించుకునే వీలు లేకపోయింది.

ట్రాలీ నిండి, కొత్తది వచ్చేలోగా దొరికిన రెండు నిమిషాల్లో ఫోను తీసి చూసింది. తోడికోడలు రాసింది: "డాక్టరు ఆరు వారాలు నోరు విప్పొద్దన్నాడు. గుసగుస కూడా పనికిరాదట. ఈ గురువారం నుంచి నువ్వే ఎత్తుకో."

అవతలి కొస పట్టుకునే ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. దాపరికాలు లేని మనిషి. పదకొండేళ్ళుగా ఒకే దుప్పటికి ఇద్దరూ చెరో వైపు.

"ఎవర్ని ఎత్తుకోమంటోంది? మనవణ్ణా?"

"పాట."

"పాటేగా. బరువుండదులే."

చిన్నకోడలు నవ్వలేదు. ఫోను జేబులో పెట్టి తర్వాతి దుప్పటి కొస అందుకుంది.

ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నరకు పెద్దకోడలి ఇంటి ముందుగదిలో భజన ఉంటుంది. సోఫా గోడకు జరిపి, తివాచీ పరుస్తారు. చిన్న బల్ల మీద స్వామి పటం, దీపం, శ్రుతిపెట్టె. పదిహేను మంది దాకా వస్తారు. ముందు కూర్చున్న మనిషి పాట ఎత్తుకుంటుంది. ఆమె ఒక పంక్తి పాడితే, మిగిలిన వాళ్ళంతా అదే పంక్తిని తిరిగి పాడతారు. దాన్ని వంత అంటారు. మొదట్లో అత్తగారే ఎత్తుకునేది. ఆవిడకు ఓపిక తగ్గాక తన చేత్తో రాసుకున్న పాటల పుస్తకం తెచ్చి పెద్దకోడలి ఒళ్ళో పెట్టింది. చిన్నకోడలు మాత్రం కాపురానికి వచ్చిన మొదటి గురువారం నుంచి ఈ రోజు దాకా వంతే.

లోకంలో వంత పాడటమంటే చులకన. ఎవరేమన్నా తల ఊపే వాళ్ళను అలా అంటారు. వాళ్ళాయన కూడా కోపమొస్తే "మా వదిన ఏమంటే దానికి వంత పాడటమేగా నీ పని" అనేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. ఆయనకు తెలియనిది ఒకటుంది. వారంలో మిగిలిన అన్ని గంటల్లో ఆమెను అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఈ పూట ఏం వండుతావు, నా తువ్వాలు ఏది, గ్యాసుకి ఫోన్ చేశావా, నాలుగో వార్డు దుప్పట్లు ఎన్ని తక్కువొచ్చాయి. ఆ ఒక్క గంటలో ఎవరూ ఏమీ అడగరు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే పంక్తి దానంతటదే వస్తుంది. తర్వాత ఏమిటో ఆలోచించక్కర్లేదు. జీవితమంతా ఇతరులకు వడ్డించిన మనిషికి ఎవరో కంచం ముందు కూర్చోబెట్టి, ఒక్కో ముద్దకీ సరిపడా వడ్డిస్తున్నట్టుంటుంది. తినడమే తన పని. అలా తింటూ తింటూ ఉండగా ఎప్పుడో ఒకసారి, ఏ మూడో పాట దగ్గరో, తాను పాడుతున్నానన్న సంగతి కూడా మరిచిపోయేది. అక్కడ మోకాళ్ళు ఉండేవి కావు. ఎవరో ఉన్నారన్న నెమ్మది మాత్రం ఉండేది. దేవుడు అంటే అదే అని ఆమె ఎప్పుడో నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కంచం తీసేసి చేతికి గరిటె ఇస్తున్నారు.

మంగళవారం డ్యూటీ దిగి తిన్నగా తోడికోడలి ఇంటికి వెళ్ళింది, కుదరదని చెప్పడానికి. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. బావగారు తలుపు తీశాడు.

"రామ్మా. ఈ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండి ముప్పై ఏళ్ళయింది. కూర్చుని అనుభవించు."

లోపలి నుంచి పెద్దకోడలు ఆయన వైపు ఒక చూపు చూసింది. గొంతు పోయినా చూపు పోలేదు. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బల్ల మీద పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనక్కి తిప్పి దొంతర పెట్టుంది. పక్కన పెన్సిలు. పెద్దకోడలు మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని కూర్చుంది. ఆమె పొడగరి, మాటల్లో కూడా పొడగరే. అలాంటి మనిషి పెదాలు బిగించుకుని కూర్చుంటే ఇంట్లో ఏదో వస్తువు తీసేసినట్టుంది.

"నావల్ల కాదక్కా," అంది చిన్నకోడలు కూర్చోకముందే.

పెద్దకోడలు రాసింది: నీకు రెండువందల పాటలొచ్చు.

"వచ్చు. రెండోసారి వచ్చు."

అర్థం కానట్టు కనుబొమలు ఎత్తింది పెద్దకోడలు.

"నువ్వు ఒకసారి అంటే నాకొస్తుంది. నువ్వు అనకపోతే నా దగ్గర ఏమీ లేదు. మూత తీస్తే ఖాళీ గిన్నె."

పుస్తకం ఉందిగా.

"పుస్తకంలో అక్షరాలున్నాయి. ఏ ఎత్తులో మొదలెట్టాలి, ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు ఆపాలి, అవెక్కడున్నాయి?"

మరి మాస్టారు పాడతాడా?

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డోలక్ వాయించే మాస్టారు ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. చేతి వేళ్ళు బంగారం. గొంతు విప్పితే మాత్రం స్వామి పటంలోంచి లేచి చెప్పులు వెతుక్కుంటాడని ఆయన భార్యే అంటుంది.

"మందుల షాపావిడ?"

నిద్రపోతుంది, అని రాసి, కింద రెండు గీతలు గీసింది పెద్దకోడలు.

చిన్నకోడలు కుర్చీలో కూలబడింది. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'ఆ గంట నాకు కావాలి అక్కా, నాకున్నది అదొక్కటే' అనాలి. గొంతు పోయి కూర్చున్న మనిషి ముందు ఆ మాట ఎలా అంటారు?

"నాకు అలసటగా ఉంది," అని మాత్రం అంది.

పాడితే పోతుంది, అని రాసింది పెద్దకోడలు.

అందరూ చెప్పే మాటే అది. నిజమే, పోతుంది. వంత పాడేవాళ్ళకి.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె సంచిలో పాటల పుస్తకం ఉంది. అది సంచిలోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. కాదనడానికి వెళ్ళి ఔనని రావడం ఆమెకు కొత్తేమీ కాదు.

బుధవారం వంటింట్లో ప్రయత్నించింది. స్టవ్ మీద పాలు, చేతిలో పుస్తకం. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఎప్పుడూ ఎవరో తీసే తలుపు ముందు నిలబడ్డట్టుంది. కూతురు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. అప్పుడే వచ్చి బ్యాగు పడేసి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏంటమ్మా, నోరు తెరిచి అలా నిలబడ్డావ్? మా క్లినిక్‌లో పేషెంటులాగా."

"పాట రావట్లేదే."

"ఇలా ఇవ్వు." అమ్మాయి పుస్తకం లాక్కుని, అపాయింట్‌మెంట్లు చదివినట్టు మొదటి పంక్తి గబగబా చదివేసింది. రాగం లేదు, తాళం లేదు. అయినా అది విన్న వెంటనే చిన్నకోడలి గొంతులోంచి ఆ పంక్తి నిండుగా, గమకంతో సహా వచ్చేసింది.

అమ్మాయి పుస్తకం దించింది. ఆ తర్వాత అంది, "ఇంత బాగా పాడతావని నాకు తెలీదే. ఆ గుంపులో నీ గొంతు ఎప్పుడూ విడిగా వినపడలేదు."

"వినపడకూడదు. అదే దాని అందం."

"మరైతే రేపు నన్ను రమ్మంటావా? ముందు నేను చదువుతా."

"వద్దులే. నవ్వుతారు."

పాలు పొంగాయి. ఇద్దరూ స్టవ్ వైపు పరిగెత్తారు.

గురువారం ఆమె వెళ్ళేసరికి అందరూ వచ్చేశారు. ఆమె రోజూ కూర్చునే చోట, వెనక గోడకు ఆనుకుని, పెద్దకోడలు కూర్చుంది. కాళ్ళు బారచాపుకుని కూడాను. చిన్నకోడలు ముందుకు నడిచి, పటం పక్కన, అందరికీ ఎదురుగా కూర్చుంది. వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేదు.

శ్రుతిపెట్టె రెండేళ్ళుగా పెద్దకోడలు తన గొంతుకి పెట్టుకున్న శ్రుతిలోనే ఉంది. చిన్నకోడలు దాన్ని ముట్టుకోలేదు. మొదటి పంక్తి ఎత్తుకుంది. ఎక్కడో నిచ్చెన చివర మొదలైంది. రెండో పంక్తికి ఇక పైన మెట్లు లేవు. గొంతు చీలింది. అంతా ఆగిపోయారు.

మాస్టారు డోలక్ మీద చెయ్యి ఆనించి, "చిన్నకోడలమ్మా, కాస్త కిందికి దిగండి. మేం ముసలాళ్ళం, మేడ ఎక్కలేం," అన్నాడు.

నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మొహం మండుతున్నా. మాస్టారే వంగి శ్రుతి తగ్గించాడు. మళ్ళీ మొదలెట్టింది. ఈసారి నిలిచింది.

పాట నడిచింది గానీ, ఆమెకు కూర్చున్నట్టే లేదు. కళ్ళు మూసుకుంటే తర్వాతి పంక్తి పోతుంది. పుస్తకం చూడాలి. మాస్టారి చెయ్యి చూడాలి. తాళాలు వాయించే ఆయన ముందుకు పరిగెడుతుంటే తలతో ఆపాలి. గడియారం చూడాలి. వాళ్ళు పంక్తి తిరిగి పాడుతున్నంతసేపూ తర్వాతి పంక్తికి ఊపిరి దాచుకోవాలి. వాళ్ళ ముద్ద అయిపోయేలోగా గరిటె మళ్ళీ నిండి ఉండాలి.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఆ గదిని ఇటు వైపు నుంచి చూసింది. పదిహేను మొహాలు, పదిహేనూ కళ్ళు మూసుకున్నవే. మందుల షాపావిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రోజంతా కౌంటరు వెనక నిలబడే మనిషి. తాళాల ఆయన బస్సు నడుపుతాడు. ఆయన మెడ నరాలు వదులయ్యాయి. అందరూ ఎక్కడినుంచో అలసిపోయి వచ్చినవాళ్ళే. అందరూ తనలాగే తినడానికి వచ్చారు.

మూడో పాట అత్తగారికి ఇష్టమైనది. పల్లవి చివరి పంక్తి 'నిను కొలిచితి నీ చరణముల నమ్మితినయ్యా' అని. అత్తగారి రాత గొలుసుకట్టు, మాటకీ మాటకీ మధ్య సందు ఉండదు. అప్పటికే చిన్నకోడలికి ఊపిరి చాలడం లేదు. మధ్యలో తెగిపోతుందేమోనన్న భయంతో 'కొలిచితి' దగ్గరే ఒకసారి గాలి పీల్చుకుని, మిగతాది ఒక్క దమ్ములో పాడేసింది. నీ చరణముల నమ్మితినయ్యా.

పదిహేను మందీ తిరిగి అన్నారు. 'నిను కొలిచితి నీ చరణములన్', ఇక్కడ అందరూ ఒకేసారి గాలి పీల్చుకుని, 'అమ్మితినయ్యా'.

ఆమె పుస్తకంలోకి మళ్ళీ చూసింది. సరిగ్గా విన్నానా అనుకుని మళ్ళీ పాడింది. నమ్మితినయ్యా. మళ్ళీ అదే చోట పదిహేను ఛాతీలూ లేచాయి. అమ్మితినయ్యా. నిన్ను కొలిచాను, నీ పాదాలు అమ్మేశాను. ఆ గొంతులన్నీ ఎంత భక్తిగా అంటున్నాయో. నిన్నమొన్నటి దాకా వాటిలో తన గొంతు కూడా ఉంది. పెద్దకోడలు ఆ చోట ఊపిరి తీసుకునేది. అందరూ ఊపిరితో సహా నేర్చుకున్నారు. వడ్డించింది ఏమిటో కంచంలోకి చూసినవాళ్ళు లేరు.

మూడోసారి ఆమె 'న' మీద గట్టిగా నిలిచింది. ఈసారి కొందరికి తెలిసింది. కొందరు నమ్మారు, కొందరు అమ్మారు. పంక్తి రెండు ముక్కలై గదిలో చెల్లాచెదురైంది. మందుల షాపావిడ ఉలిక్కిపడి లేచి, ఏది పాడాలో తెలియక రెండూ పాడింది. మాస్టారి మీసం కింద నవ్వు కదిలింది. చిన్నకోడలు తలెత్తి గోడవైపు చూసింది. పెద్దకోడలు కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది. చెయ్యి మెడ మీద ఉంది.

మిగతా పాటలు ఎలా అయ్యాయో అయ్యాయి. దీపం ముందు అందరూ దణ్ణాలు పెట్టుకుని లేచారు. మాస్టారు డోలక్‌కి గుడ్డ కడుతూ, "అయితే ఇన్నేళ్ళూ స్వామి పాదాలు అమ్ముతూ కూర్చున్నామన్నమాట. కొన్నదెవరో," అన్నాడు.

"ఎవరూ కొన్నట్టు లేదు మాస్టారూ. ఇంకా పటంలోనే ఉన్నాయిగా," అంది చిన్నకోడలు.

వాళ్ళు మెట్లు దిగుతూ కూడా నవ్వుకుంటూనే ఉన్నారు. గదిలో ఇద్దరే మిగిలారు. తివాచీ ఎత్తి చెరో కొసా పట్టుకుని మడతపెట్టారు. ఆ పని దగ్గర మాత్రం చిన్నకోడలి చేతులు తోడికోడలి చేతుల కంటే చురుకైనవి.

"నేను కావాలని చేయలేదక్కా," అంది. "నాకు దమ్ము చాలదేమోనని ముందే పీల్చుకున్నాను. అంతే."

పెద్దకోడలు తివాచీ మీదే కూర్చుని కాగితం లాక్కుంది. చాలాసేపు రాసింది. చిన్నకోడలు పక్కన కూర్చుని, పెన్సిలు కదిలిన కొద్దీ చదివింది.

నాకు తెలుసు. రెండో కాన్పు తర్వాత దమ్ము నిలిచేది కాదు. సరిగ్గా ఆ చోట తెగేది. రెండు వారాల్లో అందరికీ అదే అలవాటైంది. తర్వాత దిద్దాలంటే సిగ్గేసింది. ప్రతి గురువారం ఆ పంక్తి వచ్చేసరికి లోపల చెంపలు వేసుకునేదాన్ని.

"ఒక్కమాట చెప్పొచ్చుగా."

ఎవరికి? వెనకున్న వాళ్ళకి ముందు ఒకరుంటారు. ముందున్నదానికి ఎవరుంటారు?

వీధిలో ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు వచ్చింది. పెద్దకోడలు కాగితం తిప్పింది.

పాడేటప్పుడు నీకు స్వామి కనిపించాడా?

"ఎక్కడక్కా. గడియారం కనిపించింది. మాస్టారి చెయ్యి కనిపించింది."

నాకూ అంతే. ఇరవై ఆరేళ్ళు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టేటప్పుడు అత్తగారు నన్ను అడగలేదు. ఇవాళ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. నోరు విప్పకపోయినా ఎంత బాగుందో నీకు చెప్పలేను.

చెప్పక్కర్లేదు. దాని రుచి చిన్నకోడలికి తెలుసు. అది తెలిసినందుకే ఆమెకు భయమేసింది.

"ఆరు వారాలయ్యాక?" అని అడిగింది.

పెద్దకోడలు ఆమె వైపు చూడకుండా ఒక్క మాట రాసింది. వంత.

"అది నాదక్కా." ఆ మాట తానే అన్నదని చిన్నకోడలికి కాసేపటికి గానీ తెలియలేదు. గొంతు పెద్దదేమీ కాలేదు, అలసటగానే వచ్చింది. "ఆ గంట కోసమే నేను వారమంతా ఈడుస్తున్నాను. నాకున్నది అదొక్కటే. మంగళవారం చెబుదామని వచ్చి చెప్పలేకపోయాను."

నాకు అది కూడా లేదు, అని రాసింది పెద్దకోడలు.

పెద్దకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే గొంతుకి మంచిది కాదని గుర్తొచ్చిందో ఏమో, గట్టిగా ముక్కు తుడుచుకుంది. చిన్నకోడలికి ఆమె మీద కోపం తెచ్చుకుందామనిపించింది. దానికీ ఓపిక కావాలి. చివరికి ఆమె చేతిలోని పెన్సిలు తీసుకుని, 'వంత' చివరి అక్షరానికి ఒక కొమ్ము తగిలించింది. వంతు.

పెద్దకోడలు అది చదివి, తలెత్తింది.

"ఒక వారం నువ్వు, ఒక వారం నేను," అంది చిన్నకోడలు. "ఈ ఆరూ ఎలాగూ నాకు తప్పవు. ఏడోది నీది. ఆ రోజు గోడ నాది. ఏ పాట ఎత్తుకోను అని కూడా నన్ను అడక్కు."

పెద్దకోడలు పెన్సిలు వెనక్కి తీసుకుంది.

ఎనిమిదో వారం గోడ నాకు.

"సరే."

తొమ్మిదోది నీకు.

"లెక్కలు తర్వాత చూసుకుందాం, బస్సు పోతుంది," అంది చిన్నకోడలు, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేస్తూ.

మెట్లు ఒక్కొక్కటే దిగింది. స్టాపులో ఎక్కువసేపు నిలబడక్కర్లేకుండానే బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన కూర్చున్నావిడ, "మార్కెట్టు ఇంకా ఎన్ని స్టాపులండీ?" అని అడిగింది. చెప్పింది. తర్వాత సంచిలోంచి పుస్తకం తీసి, వీధిదీపం వెలుగు పడినప్పుడల్లా ఒక పేజీ తిప్పుతూ, వచ్చే గురువారం మొదట ఏది ఎత్తుకోవాలా అని వెతికింది.

ఇంకా ఐదు గురువారాలున్నాయి.